సున్నా దాటిన మోచేయి

మోచేయి నిటారుగా చాపితే సున్నా. పూర్తిగా మడిస్తే నూట నలభై, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. ఈ రెండు అంకెల మధ్య నేను పదిహేడేళ్ళు ఉద్యోగం చేశాను. తిరుపతిలో ఒక చిన్న ఆసుపత్రి, దాని వెనకవైపు ఒక పొడుగాటి గది. తలుపు మీద రాసిన పేరు పెద్దదే అయినా అందరూ దాన్ని ఫిజియో గది అనేవాళ్ళు. పడకలు సర్దడం, వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టడం, డాక్టరమ్మ రాసిచ్చిన కసరత్తులు రోగి పక్కన నిలబడి చేయించడం నా పనులు. కీళ్ళు ఎంతవరకు కదులుతున్నాయో కొలిచి రాయడం కూడా నా పనే అయింది గానీ, అది ఎవరూ అప్పగించింది కాదు. నేనే మీద వేసుకున్నాను.

చదువు చెప్పుకునేంత లేదు. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులకు ఐదు తప్పాను, లెక్కల్లో మాత్రం తొంభై ఒకటి. ఆ తొంభై ఒకటి పట్టుకుని చిత్తూరులో ఒక మామిడి మండీలో తూకాలు రాసే పనిలో చేరాను. ప్రతి గంపనూ రెండుసార్లు తూచేవాణ్ణి. రెండు తూకాలు కలవకపోతే మూడోసారి. రైతులకు నేనంటే ఇష్టం, లారీలవాళ్ళకు నేనంటే తలనొప్పి. అక్కడి నుంచి ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టరమ్మ చేతిలో ఒక వింత స్కేలు చూశాను. బడిపిల్లల కోణమానినికి రెండు పొడుగు చేతులు అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక చేయి భుజం వైపు, ఇంకో చేయి ముంజేతి వైపు పెడితే మధ్యలో డిగ్రీలు పలుకుతుంది. మొదటి వారం అది ఆమె చేతిలో ఉంది. రెండో వారం ఒకసారి ఇమ్మని అడిగాను. మళ్ళీ తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు నాకు యాభై మూడేళ్ళు. ఆసుపత్రి కొత్త భవనంలోకి మారింది. అక్కడ కొలతలన్నీ యంత్రమే తీసుకుని యంత్రమే రాసుకుంటుంది. దాని పక్కన చేతులు కట్టుకుని నాలుగు నెలలు నిలబడి, ఇక చాలని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, నేను బాగుచేసిన కేసులు చెప్పమంటారు. నేను చెడగొట్టిన కేసు చెబుతాను. చెబుతూ మధ్యలో నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెడతాను.

మా గదికి వచ్చేవాళ్ళందరూ బిగుసుకుపోయినవాళ్ళే. భుజం పైకి లేవనివాళ్ళు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, కట్టు విప్పాక మణికట్టు తిరగనివాళ్ళు. కాబట్టి నా నోటుబుక్కులో అంకె పెరిగితే మంచి, పెరగకపోతే చెడు. మూడో సంగతి లేదు. గోడకు ఒక నల్లబల్ల తగిలించి, పైన ‘ఈ వారం మొనగాళ్ళు’ అని రాసి, ఎవరికి ఎన్ని డిగ్రీలు పెరిగాయో సుద్దముక్కతో వేసేవాణ్ణి. జనం దాన్ని ఎంత పట్టించుకునేవాళ్ళంటే, చంద్రగిరి నుంచి వచ్చే ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు చెప్పులు విడవక ముందే నల్లబల్ల చూసేవారు. ఆయన భుజం బిగుసుకుపోయింది. నెల రోజులు తంటాలు పడి పదకొండు డిగ్రీలు సంపాదించి, బల్ల మీద మొదటి స్థానంలో కూర్చున్నారు.

ఆ శుక్రవారం డాక్టరమ్మ ఏదో శిక్షణ కోసం నాలుగు రోజులు చెన్నై వెళుతూ నాతో చెప్పింది, “అన్నా, భుజం నొప్పని ఒక కొత్తామె వస్తుంది. కాపడం పెట్టు, కొలతలు రాసి పెట్టు. కసరత్తులు మాత్రం నేనొచ్చి సూసినాకనే.”

వచ్చినామె బస్సు కండక్టరు. తిరుపతి చిత్తూరు రూట్లో తొమ్మిదేళ్ళ సర్వీసు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. గదిలోకి వస్తూనే లోపలున్న ఆరుగురినీ ఒక చూపులో లెక్కపెట్టింది. ఆ చూపు నాకు వెంటనే నచ్చింది. నెల కిందట, కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డు మీద నుంచి ఒక ముసలామె జారబోతే, ఈమె లోపల నుంచి చేయి బారుగా చాచి పట్టుకుందట. ముసలామెకు ఏమీ కాలేదు. ఈమె కుడి భుజం జారి, దానంతట అదే మళ్ళీ కూర్చుంది. అప్పటి నుంచి పైకడ్డీ పట్టుకుని నిలబడితే ప్రతి బ్రేకుకూ భుజం లోపల ఏదో కదిలిపోతోంది.

“ఎనిమిది వారాలు లీవిచ్చినారన్నా,” అంది. “ఎనిమిదో వారం మెడికల్ బోర్డు. ఆడ పాసైతే బస్సు. ఫెయిలైతే బస్టాండులో మైకు గది.”

“కూర్చుని చేసే పని కదమ్మా, మంచిదేగా.”

“ఆ గదికి కిటికీ గూడా లేదన్నా. బస్సులన్నీ నేను పిలిస్తే వస్తాయి, నేను పంపిస్తే పోతాయి. నేను మాత్రం యాడికీ పోను. సచ్చేదాకా అదే కుర్చీ.”

అయ్యో అన్నాను గానీ నా చేయి అప్పటికే స్కేలు మీద ఉంది.

మోచేయి చాపమన్నాను. చాపింది. స్కేలు పెట్టాను. ముల్లు సున్నా మీద ఆగలేదు. సున్నా దాటి అవతలకు, పద్నాలుగు దగ్గర నిలబడింది. అంటే ఆమె చేయి నిటారు కావడంతో ఆగకుండా వెనక్కి వంగింది. స్కేలు మర వదులైందనుకున్నాను. నా మోచేయి కొలుచుకున్నాను, సున్నా. గది ఊడ్చే ఆయమ్మను పిలిచి ఆమెది కొలిచాను, సున్నా. మళ్ళీ కండక్టరమ్మది కొలిచాను. పద్నాలుగు, తప్పు వైపు. నా నోటుబుక్కులో సున్నాకు అవతల గడే లేదు. మార్జిన్‌లో రాశాను.

భుజం పైకెత్తమన్నాను. మామూలు మనుషులకు చేయి చెవి పక్కకు వస్తే నూట ఎనభై, అక్కడితో సరి. ఆమె చేయి చెవిని దాటి, తల వెనక్కి పోయి, రెండు వందల అయిదు దగ్గర తీరిగ్గా ఆగింది.

“ఇంతేనా, ఇంకా ఏమన్నా ఉండాదా?” అన్నాను.

“ఉండాయి,” అని ఆమె బొటనవేలిని వెనక్కి మడిచి ముంజేతికి ఆనించింది. ఆ తర్వాత లేచి నిలబడి, మోకాళ్ళు వంచకుండా రెండు అరచేతులూ నేలకు ఆనించింది. “బస్సు చెడిపోయినప్పుడల్లా ప్యాసింజర్లకు ఇది సూపిస్తా. గొడవ చేయకుండా ఉంటారు.”

గదిలో చప్పట్లు. కట్టు కట్టిన చేయి ఉన్నాయన కూడా తొడ మీద కొట్టుకుంటూ చప్పట్లు చరిచాడు. నేను నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, అన్నింటికన్నా పైన, పెద్ద అక్షరాలతో రెండు వందల అయిదు వేశాను. పక్కన నక్షత్రం కూడా. డ్రిల్లు మాస్టారు తన పదకొండును చూసుకుని, ఆ రెండు వందల అయిదును చూసి, “సర్కసులో చేరాల్సినదానివి, బస్సులో చేరినావు,” అని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ రోజు ఆయన కసరత్తు చేయలేదు.

ఇక్కడే నా తప్పు మొదలైంది. ఇంత మంచి కీలును నాలుగు రోజులు ఊరికే ఉంచడం నాకు మనసొప్పలేదు. డాక్టరమ్మ తిరిగి వచ్చేసరికి ఇంకా పెద్ద అంకె చూపించాలని ఉబలాటం. బిగిసిన భుజాలకు ఇచ్చే కాగితమే ఈమెకూ ఇచ్చాను. కప్పీ మీది తాడు పట్టుకుని ఒక చేత్తో ఇంకో చేతిని పైకి లాగడం, వేళ్ళతో గోడ ఎక్కడం. శనివారం రెండు వందల ఏడు. ఆదివారం సెలవు. సోమవారం రెండు వందల పది వచ్చింది. నేను అంకె రాసుకోవడానికి తల వంచాను. ‘టక్’ అని చప్పుడైంది.

తల ఎత్తేసరికి ఆమె ముఖం సుద్దముక్కలా ఉంది. కప్పీ తాడు ఒంటరిగా ఊగుతోంది. ఆమె కళ్ళు మూసుకుని, మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని, ఏదో చేసింది. ఇంకో చప్పుడు. భుజం కూర్చుంది.

“ఇది గూడా రాస్తారా అన్నా?” అని అడిగింది. నేను రాయలేదు. పదిహేడేళ్ళలో నేను రాయని కొలత అదొక్కటే.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. జరిగినదంతా చెప్పేశాను. ఆమె అరిచే మనిషి కాదు. అరిస్తే నాకు తేలిగ్గా ఉండేది. నల్లబల్ల మీది నక్షత్రం చూసి, నా నోటుబుక్కు తిరగేసింది.

“అన్నా, రెండు వందల పది దాకా పొయ్యిందని రాసినావే, ఆపింది ఎవరు?”

“ఎవరూ ఆపలేదమ్మా. అదే పోయింది.”

“అదే జబ్బు. బ్రేకు లేని బస్సు ఎంత దూరం పొయ్యిందో కొలిచి, పక్కన నక్షత్రం బెట్టినావు.”

ఆ తర్వాత ఆమె నాకూ కండక్టరమ్మకూ కలిపి చెప్పింది. మన కీళ్ళ చుట్టూ తాళ్ళలాంటి కట్లు ఉంటాయి. చేయి ఎంత దూరం పోవాలో అవే చెబుతాయి. కొందరికి పుట్టుకతోనే అవి వదులు. దాన్నే హైపర్‌మొబిలిటీ అంటారు. చాలామందికి దానితో ఇబ్బందే ఉండదు. ఇబ్బంది వచ్చినవాళ్ళకు మాత్రం కట్లు చేయని పని కండరాల చేత చేయించాలి. వాళ్ళకు సాగదీసే కసరత్తులు ఇస్తే అప్పటికే వదులైన తాడును ఇంకా లాగినట్టే. మెల్లగా, కొంచెంగా, చివరిదాకా పోకుండా చేయించాలి.

కండక్టరమ్మ అన్నీ విని, “ఎన్ని వారాలు పోయినాయి?” అని మాత్రం అడిగింది.

“లీవులో ఒకటి అయిపొయ్యింది. ఇప్పుడు రెండు వారాలు చెయ్యి మెడకు కట్టిన జోలెలో. మిగిలేవి అయిదు.”

ఆమె నా వైపు చూడలేదు. అదే మేలు, చూస్తే నేను ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. ఆ సాయంత్రం నేను నల్లబల్ల మొత్తం తుడిచేశాను. డ్రిల్లు మాస్టారు పదకొండు కూడా పోయింది. ఆయన దానికి ఇంకో వారం అలిగారు.

జోలె విప్పాక అయిదు వారాల పని మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన మొదటి కసరత్తు విని నేను తెల్లబోయాను. మోచేయి ఒంటికి ఆనించి, సగం మడిచి, పిడికిలితో గోడను నెట్టాలి. అయిదు లెక్కపెట్టేదాకా. చేయి కదలకూడదు, గోడ ఎలాగూ కదలదు. కదలని దాంట్లో నేను కొలిచేదేముంది? రెండోది, చుట్టిన తువ్వాలును చంక కింద పెట్టుకుని మెత్తగా నొక్కడం. మూడోది, రబ్బరు పట్టీని జానెడు దూరం లాగి వదలడం, జానెడు దాటకుండా. నాలుగోది కుర్చీ వెనక నిలబడి ఒంటికాలి మీద ఆగడం, మోకాలు వెనక్కి బిగబట్టకుండా. ప్రతిదీ ఎనిమిదిసార్లు. ఊపిరి బిగపట్టకూడదు, నొప్పి వస్తే ఆపేయాలి.

కండక్టరమ్మ ఇంటికి పోయి, ఎనిమిది ఏం సరిపోతుందని ఎనభై చేసింది. మర్నాడు భుజం పట్టేసి మూలుగుతూ వచ్చింది.

“ఎక్కువ చేస్తే బెర్నే బాగవుతుందనుకుంటి, అయిదు వారాలే గదా.”

డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, “మీ ఇద్దరూ ఒకే బళ్ళో సదువుకున్యారా ఏంది?” అంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆమెకు తన చేయి ఎక్కడుందో తెలియదు. కళ్ళు మూసుకుని చేయి నిటారుగా పెట్టమంటే, పద్నాలుగు డిగ్రీలు వెనక్కి వంచి ‘ఇదే నిటారు’ అనేది. నేను స్కేలుతో సరిగ్గా సున్నా దగ్గర నిలబెడితే, ‘వంకరగా ఉండాదన్నా’ అనేది. ఆమె సున్నా వేరు, మా సున్నా వేరు. మండీలో గంప బరువు తీసేయకుండా తూచినట్టు, ఆమె ముప్ఫై అయిదేళ్ళుగా తప్పు సున్నాతో బతుకుతోంది.

ఇది మాత్రం నాకు అర్థమయ్యే జబ్బు. ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ గాజుల పెట్టెలో వెతికి ఒక మువ్వ తీశాను. మర్నాడు రెండు సెలైన్ స్టాండుల మధ్య దారం కట్టి, దారానికి మువ్వ వేలాడదీశాను. కండక్టరమ్మ బల్ల మీద అరచేతులు ఆనించి నిలబడితే, ఆమె మోచేయి వెనక దారం ఉండేలా సర్దాను. సున్నాకు అయిదు డిగ్రీల ముందే ఆమె ఆగాలి. దాటితే మోచేయి దారానికి తగిలి మువ్వ మోగుతుంది. ఇక నాకు లెక్క దొరికింది.

మొదటి రోజు పది నిమిషాల్లో అరవై మూడుసార్లు మోగింది. డ్రిల్లు మాస్టారు చెవిలో వేలు పెట్టుకుని, “ఇది ఆస్పత్రా, జంగమయ్య వీధిలో తిరుగుతున్యాడా?” అన్నారు. రెండో రోజు నలభై ఒకటి. మూడో రోజు నలభై నాలుగు, ఎందుకంటే మువ్వ మోగినప్పుడల్లా ఆయమ్మ ‘స్టాప్ వచ్చింది, దిగాల’ అనేది, కండక్టరమ్మ నవ్వేది, నవ్వితే మళ్ళీ మోగేది. నవ్వు మోతలను వేరే గడిలో రాశాను. వారం తిరిగేసరికి పంతొమ్మిది. మోకాళ్ళ వెనక కూడా ఇంకో దారం కట్టాం. నిలబడితే ఆమె మోకాళ్ళు కూడా వెనక్కి వంగేవి. రెండు మువ్వలకు రెండు నోటుబుక్కులు.

అంకె తగ్గుతుంటే సంతోషించడం నాకు కొత్త. మొదట్లో పెన్ను ఆగిపోయేది. ఏడు వచ్చిన రోజు నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, నల్లబల్ల మీద ఏడు వేసి, దాన్ని తలకిందులుగా తగిలించాను. ఎదురు హోటల్ నుంచి గదిలో అందరికీ మైసూరు బజ్జీలు తెప్పించాను. డ్రిల్లు మాస్టారు బల్ల చదవడానికి తల వంచీ వంచీ మెడ పట్టేసిందని మర్నాడు దానికి కూడా కాపడం పెట్టించుకున్నారు.

ఏడు తర్వాత నాలుగు, రెండు, మళ్ళీ మూడు, ఆపైన సున్నా. మువ్వ లేకుండా, కళ్ళు మూసుకుని కూడా ఆమె సున్నాకు ముందే ఆగడం నేర్చింది. మెడికల్ బోర్డుకు ఇంకా మూడు రోజులున్నాయి.

డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదు. “గదిలో బ్రేకులు ల్యావు గదన్నా,” అంది. “ఆమె భుజం మొట్టమొదట పొయ్యింది కసరత్తు చేస్తా కాదు. ఎవురో పడిపోతా ఉంటే ముందూ ఎనకా సూడకుండా చెయ్యి ఇసిరింది. తొమ్మిదేండ్ల అలవాటు. అది మారిందో లేదో నీ మువ్వ చెప్పలేదు. బస్సెక్కాల.”

అలా ఆదివారం పొద్దున నేనూ కండక్టరమ్మా చిత్తూరు బస్సు ఎక్కాం. ఆమె డ్యూటీలో లేదు గనుక టికెట్లు వేరే కండక్టరు కొడుతున్నాడు. ఆమె పని నడవలో నిలబడడం, ముందుకూ వెనక్కీ నడవడం, కడ్డీ పట్టుకోవడం. డాక్టరమ్మ ఆమె కుడి మోచేతి మడత లోపల, చేయి కొంచెం వంచి ఉంచి, కాగితం ప్లాస్టరు ముక్క ఒకటి అంటించి పంపింది. చేయి మరీ నిటారుగా చాపితే అది పటుక్కున తెగుతుంది. చిత్తూరులో దిగేసరికి ప్లాస్టరు తెగకుండా ఉండాలి. మైకు గది మాట ఆ పొద్దున ఇద్దరం ఎత్తలేదు.

నేను వెనక సీట్లో నోటుబుక్కు తెరిచి మూడు గడులు గీశాను. పెద్ద బ్రేకులు, చిన్న బ్రేకులు, స్పీడు బ్రేకర్లు. కానీ డ్రైవరు ఆమెతో తొమ్మిదేళ్ళుగా పనిచేసిన మనిషి. సంగతి ముందే విన్నాడు. బస్సును నెత్తిమీద పాలకుండ పెట్టుకున్నట్టు తోలాడు. చంద్రగిరి దాటేసరికి నా పెద్ద బ్రేకుల గడి ఖాళీ. నేను లేచి ముందుకు పోయాను.

“అన్నా, కొంచెం రోజూ తోలినట్టు తోలన్నా.”

డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. “రోజూ నేను ఎట్ల తోల్తా? చెప్పు, ఇందాం.”

“అంటే, కొంచెం బ్రేకులు గట్టిగా...”

ముందు సీట్లో ఒకామె కాళ్ళ దగ్గర కనకాంబరాల గంప పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కనున్నాయన వైపు తిరిగి, “ఏమబ్బా, ఈయప్ప బ్రేకెయ్యమని బతిమాలతా ఉండాడు. ఎవురైనా తెలిసినోళ్ళు ఉండారా ఈయనకు?” అంది. బస్సంతా నవ్వింది. నేను నా సీటుకు పోయి కూర్చున్నాను.

కండక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కడ్డీ పట్టుకుని మోచేయి కాస్త వంచి, మోకాళ్ళు కాస్త సడలించి నిలబడి ఉంది. పైకి ఏమీ చేయనట్టే కనబడేది. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ ఆమె ముందు చేయి చాపి టికెట్ అడిగారు. ఒక ముసలాయన, “ఏమ్మా, ఇన్నాళ్ళు కనపడలే, ఏం కథ?” అన్నాడు. “వస్తా తాతా, వస్తా,” అంది గానీ చూపు ప్లాస్టరు మీదే ఉంది.

పూతలపట్టు దగ్గరపడుతోంది. నా గడిలో ఇప్పటికీ ఒక్క పెద్ద బ్రేకు లేదు. నేను మళ్ళీ లేచాను. డ్రైవరును ఇంకొక్కసారి అడుగుదామని నడవలో ముందుకు నడుస్తున్నాను, ఒక చేతిలో నోటుబుక్కు, ఇంకో చేతిలో పెన్ను, పట్టుకోవడానికి మూడో చేయి లేదు. కండక్టరమ్మకు రెండడుగులు ఇవతల ఉండగా, పక్క దారిలోంచి మామిడికాయల ట్రాక్టరు ఒకటి రోడ్డు మీదికి వచ్చేసింది. డ్రైవరు అడిగినదాని కన్నా ఎక్కువే ఇచ్చాడు.

నేను గాల్లో ఉన్నాను. ఆమె పక్క నుంచే పోయాను. పోతూ ఆమె వైపు చేయి కూడా చాపాను. ఆమె కళ్ళు నన్ను చూశాయి. కడ్డీ మీది ఆమె కుడి చేయి ఒక్క వేలెడంత కదిలి ఆగింది. మోకాళ్ళు ఇంకాస్త వంగాయి, కడ్డీ మీది పట్టు బిగిసింది, మోచేయి వంగినది వంగినట్టే ఉంది. ఇదంతా ఎంత స్పష్టంగా చూశానో చెప్పలేను. ఆ తర్వాత ఏమీ కనబడలేదు, ఎందుకంటే నా ముఖం కనకాంబరాల గంపలో ఉంది.

“అయ్యో నా పూలు,” అంది గంపామె. “ఇందాక బ్రేకు అడిగితివే, ఇప్పుడు సాలునా?”

నన్ను ఇద్దరు లేపి కూర్చోబెట్టారు. నుదుటి మీద బొప్పి, చెవిలో ఒక పువ్వు, నోట్లో రెండు. డ్రైవరు బస్సు పక్కకు తీసి ఆపాడు. కండక్టరమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

“పట్టుకోవచ్చు కదమ్మా,” అన్నాను. నొప్పికి అలా వచ్చింది.

“పట్టుకోవచ్చన్నా. బారుగా చాపితే అందేవాళ్ళు. అట్ల చాపితే నా భుజం పొయ్యేది, మీరు ఎట్లైనా పడేవాళ్ళే.” నా చెవిలోని పువ్వు తీసేస్తూ అంది, “ముసలోళ్ళయితే ఇంకోలాగ. దగ్గరికి పొయ్యి ఒళ్ళడ్డం పెడతాను, డాక్టరమ్మ అది గూడా నేర్పించింది. మీరు గట్టిగానే ఉండారు గదా అని వదిలేసినా.”

నేను ఆమె మోచేయి చూశాను. ప్లాస్టరు అతికించినట్టే ఉంది. ఆమె కూడా చూసుకుంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఎలాంటి నవ్వంటే, పువ్వు గొంతుకు అడ్డం పడి నాకు దగ్గు వచ్చింది, ఆమె సీటు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగతి తెలియని జనం కూడా నవ్వారు. గంపామె ఒక మూర కట్టి ఆమె చేతిలో పెట్టి, “ఏం పాసైనావో నాకు తెలీదు, పెట్టుకో,” అంది.

చిత్తూరు బస్టాండులో దిగి డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

“పెద్ద బ్రేకులు ఒకటమ్మా. ప్లాస్టరు తెగలేదు.”

“ఎవురన్నా పడినారా?”

“నేను పడ్డాను.”

“ఆమె పట్టుకున్యాదా?”

“లేదమ్మా.”

అవతల డాక్టరమ్మ చప్పట్లు కొట్టడం వినిపించింది. నేను నుదురు తడుముకుంటూ నిలబడ్డాను. నేను పడినందుకు ఒకరు చప్పట్లు కొట్టడం, అందుకు నాకు ఆనందం కలగడం, ఈ రెండూ ఉద్యోగంలో అదే మొదలు, అదే చివర.

మూడో రోజు మెడికల్ బోర్డు. నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, చేయడానికి వేరే పని లేక ఎదురు గోడ గళ్ళు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెడితే రెండు అంకెలు వచ్చాయి. మూడోసారి మొదలుపెడుతుంటే తలుపు తెరుచుకుంది. లోపల జరిగింది ఆమే చెప్పింది.

బోర్డులో పెద్ద డాక్టరు చేయి పైకెత్తమన్నాడట. ఎత్తింది. చెవి పక్కకు వచ్చాక ఆపింది.

“ఇంతేనా? ఇంక పోదా?” అన్నాడట ఆయన, కలం పట్టుకుని.

“పోతుంది సార్. నేనే పోనీను.”

ఆయన కలం కింద పెట్టి, ఆమె భుజం మీద చేయి వేసి, నాలుగు వైపుల నుంచీ నెట్టి చూశాడట. ఆమె కదలకుండా నిలబడింది, కసరత్తుల గోడలాగా. ఆయన మళ్ళీ కలం తీసుకుని లైన్ డ్యూటీకి తగునని రాశాడు. మూడు నెలలకోసారి చూపించుకోవాలనీ, ఇంటి దగ్గర కసరత్తులు మానకూడదనీ కింద ఇంకో లైను.

పిల్లలూ, నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొలవండి, కొలవడం మంచిదే. కానీ స్కేలు పెట్టేముందు, ఈ మనిషికి అంకె ఏ వైపు పోతే మేలో ఒకసారి అడగండి. నాకు అది తెలుసుకోవడానికి ఒక ఆడమనిషి భుజమూ, నా నుదురూ ఖర్చయ్యాయి.

ఆమె డ్యూటీలో చేరిన సోమవారం నేను సెలవు పెట్టి ఆ బస్సు ఎక్కాను. చిత్తూరులో నాకు పనేమీ లేదు. బస్సు నిండిపోయింది, నడవలో కూడా మనుషులు. నేను కడ్డీ పట్టుకుని, ఆమె ఎలా నిలబడుతుందో చూద్దామని ముందుకు జరుగుతున్నాను. డ్రైవరు ఇంజను వేసి అద్దంలో ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె ‘రైట్’ అనలేదు. టికెట్ల మిషను చంకలో పెట్టుకుని, మూడో వరస సీట్లో ఒక కుర్రవాణ్ణి లేపి, నా వైపు చూపించింది.

“ఆయన్ను కూర్చోనీ నాయనా. ఆయన నిలబడి ఉండాడంటే నేను బస్సు కదిలించను.”